రాయి కదలకూడదు, ట్రైలర్ వంగకూడదు

ప్రకాశం జిల్లా చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో దొరికే నల్లరాయికి దేశదేశాల్లో గిరాకీ ఉంది. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి పేరు బ్లాక్ గెలాక్సీ. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అనే అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో కుటుంబపు రాయి. అందుకే మామూలు గ్రానైట్ కంటే బరువెక్కువ, ఘనపు మీటరు ఇంచుమించు మూడు టన్నులు తూగుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మె ఒక్కటే 16 టన్నులు దాటుతుంది. ఇలాంటి దిమ్మెలు ట్రైలర్లెక్కి, ఒంగోలు దగ్గర హైవే పట్టుకుని, కృష్ణపట్నం, చెన్నై రేవులకు వెళ్తుంటాయి.

ఇంత బరువైన సరుకు విషయంలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. పదహారు టన్నుల రాయి, దాని బరువే దాన్ని పట్టుకుని ఉంటుంది, కట్టేది పేరుకే అని. రోడ్డు మీద మనుషుల ప్రాణాలు తీసేదీ, లక్షలు పోసి కొన్న ట్రైలర్‌ను రెండు మూడేళ్లలో తుక్కు చేసేదీ ఈ ధీమాయే. ఇది ఎందుకు తప్పో తెలియాలంటే ఘర్షణ ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఫ్రాన్సుకు చెందిన గియోం అమోంటన్ 1699లో ఘర్షణ గురించి రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, ఘర్షణ బలం వస్తువు బరువుకు తగ్గట్టు పెరుగుతుంది. రెండు, ఆనుకునే వైశాల్యం ఎంతన్న దానితో దానికి పనిలేదు. మొదటి సూత్రం వినగానే మన ధీమా నిజమేననిపిస్తుంది. బరువు రెట్టింపైతే పట్టు కూడా రెట్టింపవుతుంది కదా! అవుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు ఆ రాయిని ఆపడానికి కావలసిన బలం కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి చివరికి లెక్కలోంచి బరువు ఎగిరిపోతుంది. మిగిలేది ఘర్షణ గుణకం ఒక్కటే. ఒక టన్ను రాయి ఏ బ్రేకుకు జారుతుందో పదహారు టన్నుల రాయీ అదే బ్రేకుకు జారుతుంది.

నున్నటి స్టీలు రేకు మీద ఉక్కు పెట్టె పెడితే గుణకం 0.2 మాత్రమే. అదే రేకు మీద కోత చెక్కకు 0.3. మధ్యలో జారుడు ఆపే రబ్బరు పరుపు వేస్తే 0.6 దాకా పోతుంది. యూరప్‌లో సరుకు కట్టడానికి వాడే ఈఎన్ 12195 ప్రమాణంలో ఉన్న విలువలివి. అవి కూడా తుడిచి శుభ్రంగా ఉన్న ఉపరితలాలకు. మన క్వారీ బండి ప్లాట్‌ఫాం మీద రాతి పొడి, బురద, గ్రీజు మరకలు ఉంటాయి. అక్కడ ఆ పట్టు కూడా దొరకదు.

గుణకం 0.3 అనుకుందాం. కట్టకుండా వదిలేసిన దిమ్మెను గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్తున్నారు. ఆ వేగం నుంచి ఘర్షణ ఒక్కటే రాయిని ఆపాలంటే దాదాపు 21 మీటర్ల దూరం కావాలి. ఎదురుగా గేదె అడ్డొచ్చింది, డ్రైవరు 15 మీటర్లలో బండి ఆపేశాడు. బండి ఆగింది. రాయి ఇంకో ఆరు మీటర్లు ముందుకు జారింది, అంటే క్యాబిన్ మీదికి వచ్చింది. ఇక్కడ వేగం నలభయ్యే. అదేం పెద్ద వేగం కాదు.

క్యాబిన్ వెనక అడ్డుగోడ ఉందిగా అనుకోవడానికి లేదు. యూరప్ ప్రమాణం ప్రకారం కట్టిన మామూలు బండిలో కూడా ముందు గోడ తట్టుకోవాల్సిన బలానికి పై హద్దు ఇంచుమించు 5 టన్నులు. అది కూడా సరుకు గోడకు ఆనుకుని ఉన్నప్పటి మాట. మధ్యలో ఖాళీ వదిలితే రాయి వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది, బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన ఫ్లాట్ ట్రైలర్లలో చాలావాటికి ఆ గోడే ఉండదు. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే కడ్డీల లోడుకూ ఇదే గండం. పైన ఎన్ని బెల్టులు బిగించినా మోపు నడుమనున్న కడ్డీలను పట్టుకునేది పక్క కడ్డీల ఘర్షణే. గట్టి బ్రేకుకు అవి మోపులోంచి సూటిగా ముందుకు దూసుకొస్తాయి.

ఇక కట్టు సంగతి. ముందువైపు సరుకు బరువులో 0.8 వంతు బలాన్ని, పక్కలకూ వెనక్కూ బరువులో సగం బలాన్ని కట్టు తట్టుకోవాలని యూరప్ ప్రమాణం అంటుంది. అమెరికా రవాణా నిబంధనల్లోనూ ఇవే అంకెలు. ట్రైలర్ యజమాని తెలుసుకోవాల్సిన ముఖ్యమైన లెక్క ఇక్కడే ఉంది. బలాన్ని కూడా టన్నుల్లోనే చెబుతాను, యార్డుల్లో అలాగే మాట్లాడుకుంటారు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది రాయి మీదుగా బెల్టో గొలుసో వేసి రెండు పక్కలా కిందికి బిగించే పద్ధతి. ఇది రాయిని నేరుగా ఆపదు. కిందికి నొక్కి ఘర్షణను పెంచుతుంది, అంతే. గుణకం 0.3 ఉన్నప్పుడు 16 టన్నుల రాయిని ముందుకు కదలకుండా ఉంచాలంటే, దాని బరువు కాక ఇంకో 26 టన్నులకు పైగా కిందికి నొక్కాలి. చేత్తో బిగించే రాట్చెట్ బెల్టు బాగా బిగిస్తే అర టన్ను లాగుడు ఇస్తుంది, రెండు పక్కలా కలిపితే టన్ను. అంటే ఒక్క రాయికి 26, 27 బెల్టులు. ఎవరూ కట్టరు, కట్టలేరు. ఒకవేళ కట్టినా ట్రైలర్ పరిస్థితి ఏమిటి? రాయి బరువు 16 టన్నులు, పైన నొక్కుడు 26 టన్నులు. ఆ నొక్కుడంతా పక్క పట్టీలను పైకి లాగుతూ, నడుమ ప్లాట్‌ఫాంను కిందికి తొక్కుతూ ఉంటుంది. వే బ్రిడ్జి కాటా మీద ఇది కనపడదు. బండి లోపల బండే మోసే బరువిది.

ఇప్పుడు అదే రాయి కింద రబ్బరు పరుపు ముక్కలు వేయండి. గుణకం 0.6 అయింది. కావలసిన నొక్కుడు 26 టన్నుల నుంచి 5 టన్నుల చిల్లరకు దిగింది. అయిదారు బెల్టుల పని. ఒక రబ్బరు ముక్క ఖరీదెంత, వంగిన పక్క పట్టీని సరిచేయించే ఖరీదెంత, లెక్కేసుకోండి. సరుకు కట్టే సామానులో ట్రైలర్‌ను ఇంతగా కాపాడే వస్తువు ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. మన లోడింగ్ యార్డుల్లో అది ఇంత అరుదుగా కనిపించడం బాధగా ఉంటుంది.

బరువైన దిమ్మెలకు దీనికంటే మంచిది నేరుగా పట్టే కట్టు. రాయి ముందు ముఖానికి గొలుసు చుట్టి రెండు కొసలనూ వాలుగా వెనక్కి లాగి కట్టాలి. ముందుకు జారబోతే గొలుసే ఆపుతుంది. అప్పుడు 0.3 గుణకం మీద గొలుసులు మోయాల్సింది 8 టన్నులు, రబ్బరు వేస్తే 3.2 టన్నులే. గ్రేడ్ 80 రకం, 10 మిల్లీమీటర్ల గొలుసు సురక్షితంగా 6.3 టన్నుల లాగుడుకు పనికొస్తుంది. గొలుసు వాలుగా ఉంటుంది కాబట్టి దాని బలమంతా మనకు కావలసిన దిశలో పనిచేయదు, ఆ మేరకు ఎక్కువ గొలుసులు వేసుకోవాలి. ఒకే దిశలో గొలుసునూ బెల్టునూ కలిపి కట్టడం మంచిది కాదు. పాలియెస్టర్ బెల్టు పూర్తి లాగుడులో మీటరుకు ఏడు సెంటీమీటర్ల దాకా సాగవచ్చు, గొలుసు అంత సాగదు. బెల్టు సాగుతూ ఉండగానే భారమంతా గొలుసు మీద పడిపోతుంది. రెండు కట్టామన్న తృప్తే గానీ పనిచేసేది ఒకటే.

గొలుసు కొక్కెం ఎక్కడ తగిలించామన్నదీ అంతే ముఖ్యం. దగ్గరగా దొరికింది కదా అని పక్క పట్టీకో, ఛాసిస్ దూలం కింది అంచుకో, కమాన్ కట్టల బ్రాకెట్టుకో తగిలిస్తారు. పక్క పట్టీ చాలా బండ్లలో టార్పాలిను తాడు కట్టుకోవడానికి ఉద్దేశించింది. టన్నుల లాగుడుకు అది బయటికి మెలి తిరుగుతుంది. దూలం అంచును కొక్కెం కొస కొరికి చిన్న గాటు పెడుతుంది. ఆ గాటు సంగతి తర్వాత చెబుతాను, అది చిన్న విషయం కాదు. కట్టు ఎప్పుడూ అడ్డ దూలాలకు బలంగా అతికిన రింగులకే పడాలి. రింగు మీద ఎంత లాగుడు ఓర్చుకుంటుందో రాసి ఉన్న బండి కొనుక్కోవడం మేలు. రాట్చెట్ పిడికి పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడి బిగించే అలవాటుంది. ఆ పిడి పొడవు ఒక మనిషి చేతి బలానికి లెక్కగట్టి పెట్టింది. పైపు తొడిగితే బెల్టూ రింగూ పట్టీ అన్నీ హద్దు దాటతాయి. ఏది ముందు తెగుతుందో ఎవరికీ తెలియదు. తెగిన పిడి మొహానికి కొడుతుంది.

ఇంతకీ చాలా ట్రైలర్లు దెబ్బతినేది రోడ్డు మీద కాదు, క్రేను కింద. క్రేను ఆపరేటరు దిమ్మెను మెల్లగా దించుతూ చివరి 10 సెంటీమీటర్ల దగ్గర వదిలేశాడనుకుందాం. జానెడు కూడా లేదు. అది ప్లాట్‌ఫాంకు తగిలి ఒక్క సెంటీమీటరులో ఆగితే, ఆ క్షణంలో పడే సగటు బలం రాయి బరువుకు 11 రెట్లు. 16 టన్నుల దిమ్మె 176 టన్నులై కూర్చుంటుంది. కింద మెత్తటి చెక్క దుంగలుండి, అవి నలిగి మూడు సెంటీమీటర్లలో ఆగనిస్తే అది నాలుగు రెట్ల చిల్లరకు తగ్గుతుంది. ఏడాది తర్వాత ఎక్కడో గతుకులో అడ్డ దూలం పగిలితే డ్రైవరును తిడతారు. ఆ పగులు యార్డులో ఎప్పుడో మొదలై ఉంటుంది.

దుంగలకు ఇంకో పని కూడా ఉంది. క్వారీ దిమ్మె అడుగు సమంగా ఉండదు. మూడు గడ్డల మీద కూర్చుంటే 16 టన్నులూ ఆ మూడు చోట్లే దిగుతాయి, రేకు సొట్టపడుతుంది, కింది అడ్డ దూలం వంగుతుంది. నెత్తిన నీళ్ల బిందె కింద చుట్టకుదురు చేసే పనే ఇక్కడ దుంగ చేస్తుంది. దుంగలు ఎటు పెట్టామన్నది కూడా చూసుకోవాలి. బండి పొడవునా పరిస్తే బరువు నాలుగైదు అడ్డ దూలాల మీదికి సర్దుకుంటుంది. అడ్డంగా పెట్టి, ఆ చోట కింద దూలం లేకపోతే దుంగ ఉండీ లాభం లేదు.

ట్రైలర్ మొత్తాన్ని ఒక దూలంగా చూస్తే దాని ఆధారాలు రెండు. ముందు కింగ్ పిన్, వెనక ఇరుసుల గుంపు. మధ్య దూరం 8 మీటర్లనుకుందాం. 16 టన్నుల దిమ్మెను సరిగ్గా నడిమధ్య పెడితే ఛాసిస్ దూలాల మీద వంపు ఒత్తిడి లెక్కకు 32 టన్ను మీటర్లు. అదే బరువును 8 టన్నుల దిమ్మెలు రెండుగా చేసి ఒక్కోదాన్ని ఒక్కో ఆధారానికి 2 మీటర్ల దూరంలో పెడితే 16. కాటా చీటీలో రెంటికీ ఒకే అంకె వస్తుంది, ఛాసిస్ పడే బాధ మాత్రం సగమవుతుంది. ఒకే దిమ్మెను వెనక్కి జరిపి ఇరుసుల దగ్గర పెట్టినా వంపు తగ్గుతుంది గానీ ఇంకో చిక్కు వస్తుంది. కింగ్ పిన్‌కు 6 మీటర్ల దూరంలో పెడితే ఇరుసుల మీద 12 టన్నులు, కింగ్ పిన్ మీద 4 టన్నులే పడతాయి. ముందున్న ట్రాక్టరు చక్రాలకు తగినంత బరువు లేక తడి రోడ్డు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు చాలదు.

2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు హద్దులు పెంచింది. ట్రైలర్ మూడిరుసుల గుంపుకు 24 టన్నులుండేది 27 అయింది. పెద్ద ట్రాక్టరు ట్రైలరు మొత్తం బరువు 49 నుంచి 55 టన్నులకు చేరింది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, మీదున్న ప్రతి టన్నుకూ 2,000 అదనం. అందరి చూపూ మొత్తం బరువు మీదే. మొత్తం హద్దు లోపలే ఉండి, ఒక గుంపు మీద మాత్రం హద్దు దాటిన బండ్లు కాటా దాటి వెళ్లిపోతాయి. వాటి టైర్లూ కమాన్ కట్టలూ ఆ లెక్క చూపించక మానవు.

గాటు సంగతికి వస్తాను. ఉక్కు ఒకసారి వంగి విరగదు, లక్షల సార్లు కొద్దికొద్దిగా వంగి లేచి అలసి విరుగుతుంది. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల్లో జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పదే పదే వంచి పరీక్షించి, ఒక్కసారి మోయగలిగిన బరువు కంటే ఎంతో తక్కువే అయినా లక్షల సార్లు పడితే ఉక్కు విరుగుతుందని చూపించాడు. వెల్డింగు అతుకులున్న ఉక్కు విషయంలో ఇంజనీర్లు వాడే సూత్రం ఇది. ఒత్తిడి హెచ్చుతగ్గులు పెరిగితే ఆయుష్షు ఘనపు లెక్కలో పడిపోతుంది. ఒత్తిడి 20 శాతం పెరిగితే ఆయుష్షు 58 శాతానికి వస్తుంది. పదేళ్లు ఉండాల్సిన ఛాసిస్ ఆరేళ్లకు లోపే అయిపోతుందన్నమాట.

అలసట పగులు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. గాటు దగ్గరో, రంధ్రం దగ్గరో, వెల్డింగు చివరో పుడుతుంది. రాయి జారకుండా అడ్డంగా ఇనుప ముక్కలు వెల్డింగు చేయించడం మన దగ్గర మామూలైపోయింది. ఆ ముక్క ప్లాట్‌ఫాం మీద సరైన చోట ఉంటే ఫరవాలేదు. ఛాసిస్ దూలం కింది అంచుకు వెల్డింగు చేశారో, ఆ దూలానికి రోజులు దగ్గరపడినట్టే. రెండు ఆధారాల మధ్య దూలం వంగినప్పుడు కింది అంచు సాగుతుంది, పగుళ్లు విచ్చుకునేది సాగే చోటే. వెల్డింగు వేడికి అక్కడి ఉక్కు గుణం మారుతుంది. చల్లారేటప్పుడు లోపల లాగుడు మిగిలిపోతుంది. దూలాల అంచులకు వెల్డింగు చేయొద్దు, రంధ్రాలు వేయొద్దు అని తయారీదారులు చెప్పేది ఇందుకే. కొక్కెం కొరికిన గాటు కూడా అదే అంచు మీద ఉంటుందని గుర్తుంచుకోండి.

కట్టును వదులు చేసేవి గతుకులు. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ప్లాట్‌ఫాం ఒక క్షణం రాయి కిందనుంచి జారుకున్నట్టవుతుంది. రాయి ఎగరక్కర్లేదు, అది నొక్కే బలం సగానికి పడితే ఘర్షణ కూడా సగమవుతుంది. సరిగ్గా అప్పుడే బ్రేకు పడినా, బండి వంపు తిరిగినా రాయి ఒక అంగుళం నడుస్తుంది. మరుక్షణం అది మామూలు కంటే గట్టిగా కిందికి తొక్కుతుంది, దుంగలు నలుగుతాయి, రాయి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. గొలుసు సాగదు కాబట్టి ఆ మిల్లీమీటర్లకే దాని బిగువంతా పోతుంది. మలుపులు ఇంకా ప్రమాదం. 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే పక్కకు తోసే బలం బరువులో 0.39 వంతు. 60తో పోతే 0.57, అంటే కట్టు తట్టుకోవాల్సిన సగం హద్దు దాటిపోయింది. వేగంలో పది కిలోమీటర్లే తేడా.

అమెరికా నిబంధన ప్రకారం డ్రైవరు బయల్దేరిన తొలి 50 మైళ్ల లోపు, అంటే 80 కిలోమీటర్ల లోపు, ఆగి కట్టు చూసుకుని తీరాలి. ఆ తర్వాత డ్యూటీ మారినప్పుడూ, లేదంటే ప్రతి మూడు గంటలకో 150 మైళ్లకో, ఏది ముందొస్తే అప్పుడు మళ్లీ చూడాలి. మన క్వారీ దారుల గతుకులకు 80 కిలోమీటర్లు చాలా ఎక్కువ. చీమకుర్తిలో లోడెత్తిన బండిని ఒంగోలు దగ్గర హైవే ఎక్కక ముందే పక్కకు ఆపించండి. గొలుసులు మళ్లీ బిగించండి, దుంగలు కదిలాయేమో, రింగుల దగ్గర రంగు పగిలిందేమో చూడండి. రంగు మీద తుప్పు గీత కనపడితే దాని కింద పగులు ఉన్నట్టే అనుకోండి. డ్రైవరు ఈ పదిహేను నిమిషాలు ఆగితే ట్రిప్పు ఆలస్యమైందని అతని బత్తాలో కోత పెట్టకండి. ట్రైలర్ యజమానులను నేను అడిగేది ఇదొక్కటే.